ఆయన గొంతులో మా అమ్మ

తార్నాకలో అచ్యుతరామయ్య సార్ ఇంట్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం కథలు చదివేవారు. ఆయన రిటైరైన లెక్చరర్. కాకినాడ దగ్గరి ఊరి నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కథను రాసినవాళ్లు చదవకూడదు, సార్ చదువుతారు. ఆయన చదువుతున్నప్పుడు గానీ, తర్వాత అందరూ అభిప్రాయాలు చెబుతున్నప్పుడు గానీ రాసినవాళ్లు నోరు విప్పకూడదు. అన్నీ అయ్యాక, ఆఖరున, ఒక్కసారి మాట్లాడవచ్చు. చేతిలోకి తీసుకున్న కథను ఎంత చెత్తదైనా మధ్యలో ఆపనని సార్ గర్వంగా చెప్పుకునేవారు.

మా డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద చూసి అక్కడికి వెళ్లాను. 'కొత్తగా రాసేవారికి ప్రోత్సాహం, సూచనలు' అని ఉంది. ఎమ్మే రెండో సంవత్సరం అప్పుడు. అంతవరకూ నేను రాసింది ఎవరికీ చూపించలేదు. మా ఊరి బడిలో కథలు రాసే పిల్ల అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. ప్రోత్సాహం అన్న మాట కోసమే క్యాంపస్ నుంచి తార్నాక దాకా నడిచి వెళ్లాను.

నేను ఇచ్చిన కథ మా నాన్నది. మా నాన్న బాలస్వామి పొలం దగ్గర మోటరు వేయబోయి కరెంటు షాకుతో చనిపోయాడు. మా అమ్మ సాలమ్మ ఆయన్ను పాతిపెట్టే గుంట పక్కన కూర్చుని తిడుతూ ఏడ్చింది. మా వైపు ఆడవాళ్లు అలాగే ఏడుస్తారు. పోయినవాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నట్టు నిలదీస్తారు. అలా నిలదీయకుండా ఊరికే కన్నీళ్లు కార్చే పెళ్లానికి మొగుడి మీద ప్రేమ లేదనుకుంటారు. కథంతా మా యాసలోనే రాశాను, అమ్మ అన్న మాటలను అన్నట్టే పెట్టాను.

'స్టార్టరు ముట్టకు ముట్టకంటి. ఒక్కనాడన్న నా మాట ఇంటివా బాలయ్యా! పొద్దుగాల పచ్చిపులుసు చేస్తి. సగం కంచంల ఇడిశి లేస్తివి. ఆ సగం నేనేం జేసుకోవాలె? లే బాలయ్యా, నీ నోట్ల మన్నువడ, లే!'

ఆ తర్వాతి వాక్యంలో పాస్టరు గారు వంగి గుప్పెడు మన్ను తీసి గుంటలో వేస్తారు.

ఆ వాక్యం ఎవరికీ వినపడలేదు. ఎందుకంటే అప్పటికి గదిలో అందరూ నవ్వుతున్నారు. అమ్మ మాటలు రాగానే సార్ ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, గొంతు సన్నగా చేసి, సినిమాల్లో పనిమనిషి మాట్లాడినట్టు సాగదీశారు. 'బాలయ్యా!' అన్నచోట మెడ తిప్పారు. ఆత్రేయ అని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అతను కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. సార్ కూడా నవ్వు ఆపుకోలేక కాసేపు కాగితాలు ఒళ్లో పెట్టుకున్నారు.

"అమ్మాయ్, నీకు హాస్యం అబ్బింది" అన్నారు చదవడం అయ్యాక. "ఇది అందరికీ రాదు. సాలమ్మ పాత్ర అద్భుతం. కాకపోతే ఒక్క సూచన. ఆ యాస సాలమ్మ మాట్లాడితే అందంగానీ, కథ చెప్పేవాళ్లు మాట్లాడితే ఏం బావుంటుంది? కథనం మంచి తెలుగులోకి మార్చు. చావు కాస్త తగ్గించు, నవ్వు పెంచు. పత్రికకు నేనే పంపుతాను."

ఆయన వెటకారం చేయలేదు. నిజంగానే మెచ్చుకున్నారు. అది నవ్వుల కథ అనే అనుకున్నారు. అందరూ ఒకరి తర్వాత ఒకరు హాస్యం బాగా పండిందన్నారు. ఆఖరున నా వంతు వచ్చింది.

"థాంక్యూ సార్" అన్నాను.

మెట్లు దిగుతుంటే ఏడుపు వస్తుందేమో అనుకున్నాను గానీ రాలేదు. వీధి చివరికి వచ్చేసరికి ఆయన్ను ఎలాగైనా సరే అందరి ముందు అలాగే కూర్చోబెట్టాలి అన్న ఒక్క ఆలోచన తప్ప నాలో ఇంకేమీ లేదు.

అది తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న కాలం. బస్సులు లేవు, క్లాసులు లేవు. క్యాంపస్‌లో టెంట్ల కింద పాటలు, గేటు దగ్గర పోలీసు వ్యాన్లు. మా మండలం నుంచే వచ్చి రీసెర్చ్ చేస్తున్న దిలీప్ అన్నకు విషయం చెప్తే కుర్చీలోంచి లేచాడు.

"ఇంటి నంబరు చెప్పు చెల్లె. రేపే ముంగట ధర్నా పెడుదం. దిష్టిబొమ్మ నేనే కడత. ధోతి గూడ కడత దానికి."

"ఆయన ప్యాంటేసుకుంటడన్నా."

"ఏదైతేంది? కాలుడు కాలుతది గద!"

"వద్దన్నా. ధర్నా పెడితే ఆయన పేరు పేపర్ల వస్తది. నా కథ రాదు."

దిలీప్ అన్న కుర్చీ పక్కకు జరిపాడు. "నువ్వు మాట్లాడవు గని, మాట్లాడితే భయమైతది" అని టెంటులోకి పోయాడు.

క్లాసులు లేకపోయినా మా డిపార్ట్‌మెంట్‌కు రోజూ వచ్చే మనిషి ఒక్కరే. కమలాదేవి మేడం. కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పేవారు. ఖాళీ క్లాసులో కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకునేవారు. ఒకరోజు వరండాలో నన్ను చూసి పిలిచారు.

"ఏం కృపారాణి, ఏమన్న రాస్తున్నవా? రాసేటోళ్ల మొకం పెట్టుకొని తిరుగుతున్నవ్."

నాన్న కథ ఇచ్చాను. తినడం ఆపి చదివారు. అమ్మ మాటల దగ్గర ఆమె పెదవులు కదిలాయి. మళ్లీ వెనక్కి వెళ్లి చదువుకున్నారు. నవ్వుతారేమో అని నేను ఆమె నోటివైపే చూస్తున్నాను.

"పచ్చిపులుసుల ఉల్లిగడ్డ ఏసిందా మీ అమ్మ?"

"ఏసింది మేడం."

"మరేంది, రాయలే?"



"కంచంల మిగిలిన పులుసు మీద ఉల్లిగడ్డ ముక్కలు తేలుతుంటయి. సాలమ్మ ఇంటికొచ్చి చూస్తది. గంతే రాయి. దుఃఖం అని రాసినవు గద కింద, అది కొట్టెయ్. మంచిగున్నది బిడ్డా. శాన మంచిగున్నది."

అప్పుడు ఏడుపు వచ్చింది. తార్నాకలో జరిగినదంతా చెప్పేశాను. చెప్పి, సంచిలోంచి ఇంకో కాగితాల కట్ట తీసి ఆమె ముందు పెట్టాను. సార్ గురించి రాసిన కథ అది. ఒక ముసలి లెక్చరర్, కుళ్లుబోతు, అహంకారి, చివరికి అందరి చేతా చీవాట్లు తింటాడు. మేడం మొదటి పేజీ చదివి, రెండో పేజీ చదవకుండానే మూత పెట్టినట్టు టిఫిన్ డబ్బా దాని మీద పెట్టారు.

"ఇది తిట్టు. సగం పేజికే పసిగడతడు."

"మధ్యల ఆపడంట మేడం."

"ఆపడు. కానీ ఎట్ల చదువుతడు? నవ్వుకుంట చదువుతడు. మీ అమ్మనే నవ్వుకుంట చదివినోడు తన్ను తిడితే నవ్వడా? ఆయన నవ్వుతడు, అందరు నవ్వుతరు. మళ్ల నువ్వే థాంక్యూ అని వస్తవు."

"మరేం చేయాలె?"

"ఆయన దిక్కుకెళ్లి రాయి. ఆయనే 'నేను' అని చెప్పుకున్నట్టు. చదువుతుంటే ఆయనకే గొంతు పట్టాలె. కూసున్నోళ్లంత అయ్యో పాపం అనాలె. అటెన్క నువ్వు ఏం చేసినా లేచి పోనీకి ఆయనకు తొవ్వ ఉండది."

మేడం ఈ మాటలను టమాట పచ్చడి నాకుతూ చెప్పారు.

"మీరు నన్ను కోప్పడతరనుకున్న" అన్నాను.

"ఎందుకు? పగ ఉన్నోళ్లు ఓపికగ చూస్తరు. నాకు పగలు లేకనే నాలుగు కథలు సగంల ఆగినయి."

"ఆయన గురించి నాకేం తెల్వది మేడం."

"తెల్వకపోతే పో. కూసో. చూడు."

మళ్లీ ప్రతి ఆదివారం వెళ్లడం మొదలుపెట్టాను. నన్ను చూసి సార్ సంతోషించారు. "ఇంకో నవ్వుల కథ ఎప్పుడిస్తావు?" అని అడిగేవారు. "రాస్తున్న సార్" అనేదాన్ని. వంటింటి గుమ్మం పక్కన కింద కూర్చునేదాన్ని. అక్కడి నుంచి ఆయన చేతులు బాగా కనపడేవి. చదివేటప్పుడు చూపుడువేలు వాక్యం కింద జరుపుతూ పోయేవారు. నచ్చిన చోట వేలు రెండుసార్లు తట్టేవారు. బయట ఊరేగింపు పాట వినపడితే లేచి కిటికీ వేసి, ఏమీ మాట్లాడకుండా చదివిన వాక్యమే మళ్లీ చదివేవారు. మా గురించి చెప్పాల్సి వస్తే 'మీ వైపు' అనేవారు.

కాఫీలయ్యాక గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లేదాన్ని. ఆయన భార్య వెంకటరమణమ్మగారు తోముతుంటే నేను కడిగేదాన్ని. మొదట్లో వద్దన్నారు. తర్వాత నా కోసమే ఒక ముక్కాలిపీట జరిపి పెట్టేవారు.

ఒక ఆదివారం సింకులో పంపు సన్నగా వస్తోంది. ట్యాంకులో నీళ్లు అయిపోయినట్టున్నాయి. వెంకటరమణమ్మగారు దాన్ని చూస్తూ తనలో తాను నవ్వుకున్నారు.

"ఏంది ఆంటీ?"

"ఏం లేదమ్మా. పంపు ఆగిపోతే నాకు ఒకటే గుర్తొస్తుంది. మా అత్తగారు పోయారని ఫోనొచ్చిన రోజు. ఈయన ఒక్క మాట మాట్లాడలేదు. ఫోను పెట్టేసి, స్నానం చేసొస్తానని వెళ్లి పంపు పూర్తిగా తిప్పేశారు. బకెట్టు నిండి పొర్లి, నీళ్లు గుమ్మం కిందనుంచి బయటికొచ్చేస్తున్నాయి. అప్పటికే ముందు గదిలో చుట్టాలు కూర్చున్నారు. ఇంతలో ట్యాంకు ఖాళీ అయిపోయి పంపు ఆగిపోయింది." ఆమె తోముతున్న గ్లాసును పక్కన పెట్టారు. "అప్పుడు వినపడింది. పసిపిల్లాడిలా. ఆయనకు పంపు ఆగిందని తెలియదు. అందరం విన్నాం. బయటికొచ్చాక ఎవరం ఎత్తలేదు ఆ మాట. నేనూ ఎత్తలేదు ఇప్పటికీ."

నేను తడి చేతులు తుడుచుకున్నాను.

"ఇది నేను రాసుకోవచ్చా ఆంటీ?"

ఆమె నా ముఖంలోకి చూశారు. ముందు గదిలో ఆత్రేయ ఏదో అంటే సార్ పెద్దగా నవ్వుతున్నారు. మా అమ్మను చదివిన రోజు కూడా ఆమె ఈ వంటింట్లోనే ఉన్నారు. ఆ నవ్వు విన్నారు.

"రాసుకో" అన్నారు. "ఆయన్ని మాత్రం అడక్కు."

కథ చేతికొచ్చేసరికి సమ్మె అయిపోయింది, బస్సులు తిరుగుతున్నాయి. నేను రాసినదల్లా మేడం దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. ఆమె ఒక్క మాట కూడా తన చేత్తో రాయలేదు. అడిగేవారు, అంతే. బకెట్టు ఏం రంగు? నీళ్లు గుమ్మం దాటినప్పుడు చుట్టాల్లో ఎవరైనా కాళ్లు పైకి పెట్టుకున్నారా? ఆయన బయటికొచ్చినప్పుడు తువ్వాలు ఎక్కడుంది? సార్‌ను నేను ఎక్కడ దెప్పినా ఆ చోట గోరుతో గీత పెట్టేవారు. "గీడ నువ్వు కనవడ్డవు. దాక్కో" అనేవారు.

భాష కష్టం కాలేదు. ఆయన తెలుగు నాకు వచ్చు. ఒకటో తరగతి నుంచి నా పుస్తకాలన్నీ ఆయన తెలుగులోనే ఉన్నాయి. నా తెలుగు ఆయనకు రాదు.

"మీ అమ్మ మాటలు మాత్రం అట్లనే ఉండాలె" అన్నారు మేడం ఆఖరి సారి చదివి. "ఒక్కటి గూడ మార్చకు." కాగితాలు సర్ది నా చేతికిచ్చి, "పో. నేను రాను. వస్తే ముందుగాల నేనే నవ్వుతనేమో" అన్నారు.

ఆ ఆదివారం ఒక వారపత్రిక సంపాదకుడు కూడా వచ్చి ఉన్నాడు. కరెంటు లేదు, ఫ్యాను ఆగిపోయింది. సార్ నా కాగితాలు అందుకుని మొదటి నాలుగు లైన్లు చూడగానే ముఖం వెలిగింది.

"ఓహో, మార్చావే! చూశారా, చెప్తే వినే పిల్లలు ఇలా ఉంటారు" అన్నారు సంపాదకుడితో. "మా శిష్యురాలు. పాలమూరో, నల్లగొండో... ఎక్కడమ్మా మీది?"

నేను చెప్పలేదు. కాగితాలు ఆయన చేతికి వెళ్లాయి కదా, ఇక రాసినవాళ్లు మాట్లాడకూడదు.

సార్ చదివారు. ఒక పెద్దాయనకు ఊరి నుంచి ఫోను వస్తుంది, తల్లి పోయిందని. ఫోను తీగ వేలికి చుట్టుకుని ఉంటుంది, విప్పుకోవడం మరిచిపోతాడు. ఆయన వేలు వాక్యం కింద జరుగుతూ రెండుసార్లు తట్టింది. గొంతు బరువెక్కింది. ఆత్రేయ సెల్‌ఫోను జేబులో పెట్టుకున్నాడు. 'స్నానం చేసొస్తానని లేచాను' అని చదివారు. 'పంపు పూర్తిగా తిప్పాను' అని చదివారు.

వేలు ఆగింది.

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. భావావేశం అనుకున్నట్టున్నారు. "సార్, మంచినీళ్లు తేనా?" అన్నాడు ఆత్రేయ. సార్ తల అడ్డంగా ఊపి వంటింటి వైపు చూశారు. వెంకటరమణమ్మగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"రమణా, ఇది..."

"ఆపేశారేం? చదవండి" అన్నారామె.

"ఇది నువ్వు..."

"మధ్యలో ఆపరుగా మీరు. చదవండి."

బయటివాళ్ల ముందు ఆమె అంత మాట మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. సార్ చదివారు. ఎర్ర బకెట్టు నిండింది. చుట్టాల్లో ఒకాయన కాళ్లు పైకి పెట్టుకున్నాడు. పంపు ఆగింది. అది ఆగిన సంగతి తెలియక, తలుపు అవతల, అరవై ఏళ్ల మనిషి అమ్మా అని ఏడ్చాడు. సంపాదకుడు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. అది అయ్యేసరికి సార్ కళ్లెత్తి నా వైపు చూశారు. ఆ చూపులో కృతజ్ఞత లాంటిది ఉంది. తన గుట్టు బయటపడినా, ఎవరో తనను అర్థం చేసుకున్నారని అనుకున్నారు. కథ అయిపోయిందనుకున్నారు.

నేను కూడా ఆయన కళ్లలోకి చూశాను. నెలల తరబడి ఆ నిమిషం కోసమే గ్లాసులు కడిగాను.

ఆయన పేజీ తిప్పారు.

'ఆదివారం ఒక అమ్మాయి కథ తెచ్చింది' అని ఉంది అక్కడ. 'నేను చదివాను. అందులో ఒక స్త్రీ మొగుడి గుంట పక్కన కూర్చుని ఏడుస్తోంది. నేను చెయ్యి నడుం మీద పెట్టుకున్నాను. గొంతు మార్చాను. అందరూ నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు.'

ఆయనే చదివారు. 'నేను' అంటూ చదివారు. నవ్వారు అన్నచోట గదిలో ఎవరూ నవ్వలేదు. ఆత్రేయ నేలవైపు చూస్తున్నాడు. ఆ రోజు అక్కడున్న ప్రతివాళ్లకూ గుర్తొచ్చింది. లేనివాడు సంపాదకుడు ఒక్కడే. అతను అందరి ముఖాలూ చూసి, చివరికి సార్ ముఖం చూసి, తనకూ అర్థమైనట్టు వెనక్కి వాలాడు.

తర్వాత మా అమ్మ మాటలు వచ్చాయి. సార్ గొంతు మార్చలేదు. చెయ్యి నడుం మీదికి పోలేదు. రైల్వే స్టేషన్‌లో బండి పేరు చదివినట్టు, మాటల చివరలు మింగేస్తూ, గబగబా అవతలికి వెళ్లిపోయారు. పాస్టరు గుప్పెడు మన్ను తీసిన వాక్యంతో కథ ముగిసింది. ఆయన కాగితాలను బల్ల మీద పెట్టి, అంచులు సమంగా చేసి, మళ్లీ సమంగా చేశారు.

అభిప్రాయాలు చెప్పాల్సిన సమయం. సంపాదకుడు గొంతు సవరించుకుని "శిల్పం బాగుంది" అన్నాడు. ఆత్రేయ తనకు చెప్పడానికేం లేదన్నాడు. మిగతావాళ్లు తలలు ఊపారు. వెంకటరమణమ్మగారు గుమ్మంలోంచి కదల్లేదు.

"రచయిత్రి మాట్లాడాలి" అన్నారు సార్. నన్ను చూడలేదు. కొంచెం ఆగి, "ఏం చెయ్యమంటావమ్మా నన్ను?" అన్నారు నెమ్మదిగా.

నేను ఇంటి దగ్గర చాలా మాటలు తయారు చేసుకున్నాను. హాస్యం గురించి, మంచి తెలుగు గురించి. అవేవీ అక్కర్లేదనిపించింది.

"మళ్లొక్కసారి చదువుండ్రి సార్" అన్నాను. "చివరి పేజి. మా అమ్మ మాటలు గబగబ చదివిండ్రు. ఎవ్వలకు సరిగ ఇనవడలే."

"ఏంటండీ ఇది?" ఆత్రేయ లేచాడు. "పెద్దాయన, కథ చదివారు కదా, ఇంకా..."

సార్ చెయ్యెత్తి అతన్ని కూర్చోమన్నారు. చివరి పేజీ వెతికి పైన పెట్టుకున్నారు.

"ఎక్కణ్నుంచి?"

"స్టార్టరు కాడికెళ్లి."

"స్టార్టరు ముట్టుకోకు ముట్టుకోకు అంటే..." అని మొదలుపెట్టారు.

"అట్ల లేదు సార్. ముట్టకు ముట్టకంటి. చూసి చదువుండ్రి."

"స్టార్టరు ముట్టకు ముట్టకంటి." ఆయన నుదుటి మీద చెమట పట్టింది. "ఒక్కనాడన్న నా మాట ఇంటివా బాలయ్యా పొద్దుగాల..."

"బాలయ్యా కాడ ఆగాలె. ఆమె జవాబు కోసం చూస్తున్నది."

ఆయన ఆగారు. ఆ ఆగిన చోట గదిలో అందరూ నిజంగానే జవాబు కోసం చూస్తున్నట్టు కూర్చున్నారు. ఎవరో కుర్చీ జరపబోయి మానుకున్నారు. సార్ పెదవులు తడుపుకుని పచ్చిపులుసు దగ్గరికి వచ్చారు. సగం కంచంల, అన్నారు. నేనేం జేసుకోవాలె, అన్నారు. అక్కడ ఆయన గొంతు జీరపోయింది. నాకు జాలి వస్తుందేమోనని లోపల వెతుక్కున్నాను. రాలేదు. ఆయన చదువుతున్న తీరులో ఇంకా ఎక్కడ తొందర ఉందో అది మాత్రమే వినపడింది.

మన్ను వాక్యం చదివి కాగితం దించారు.

"ఇప్పుడు?" అన్నారు.

"కొంచెం నయం" అన్నాను. "ఇంకొక్కసారి, సార్."